కొలిచినదంతా బయటపెట్టండి: పర్లాకిమిడి నుంచి పరిశోధక ఆచార్యులకు బహిరంగ లేఖ

ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో ఆరోగ్య పరిశోధనలు చేయిస్తున్న వైద్య కళాశాలల, విశ్వవిద్యాలయాల ఆచార్యులకు, వారి దగ్గర థీసిస్ రాస్తున్న విద్యార్థులకు, ఎథిక్స్ కమిటీల సభ్యులకు నమస్కారాలు.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడి వాసిని. పంతొమ్మిదేళ్లుగా ఆరోగ్య సర్వేల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేస్తున్నాను. మీరు బరంపురంలోనో విశాఖపట్నంలోనో కూర్చుని తయారుచేసిన ప్రశ్నావళిని సంచిలో వేసుకుని, కాశీనగర్ వైపు, గుమ్మ వైపు, సరిహద్దు దాటి పాతపట్నం వైపు ఇల్లిల్లూ తిరిగి, మనుషులను కూర్చోబెట్టి అడిగి, బరువు తూచి, వేలికి సూది గుచ్చి, వచ్చిన అంకెను మీ కాగితం మీద ఎక్కించేది నావంటివాళ్లే. చదివింది బి.ఎస్సీ. మాత్రమే. ఆ అంకెలు తరువాత ఏమవుతాయో తెలుసుకోవాలనే కోరికతో గత కొన్నేళ్లుగా మెటా అనాలిసిస్ గురించి దొరికినంత చదువుకున్నాను. చదివిన కొద్దీ మా ప్రాంతపు కొలతల మీద బెంగ పెరిగింది. ఈ లేఖ అందుకే.

కొన్నేళ్ల కిందట ఒక పీజీ విద్యార్థి థీసిస్ కోసం కాశీనగర్ పరిసరాల పల్లెల్లో ఎనిమిది నెలలు పనిచేశాను. గర్భిణులకు ఐరన్ మాత్రలతోపాటు ఇంటికి వెళ్లి నచ్చజెప్పడం వల్ల హిమోగ్లోబిన్ పెరుగుతుందా లేదా అన్నది ప్రశ్న. రెండు గుంపులకూ నడుమ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. థీసిస్ పరీక్ష గట్టెక్కింది, డిగ్రీ వచ్చింది. దాన్ని పత్రికకు పంపారా అని అడిగితే, "ఏమీ తేలలేదు కదమ్మా, ఎవరు వేసుకుంటారు?" అని గైడ్ గారు నవ్వేశారు. మరుసటి ఏడాది వేరే సర్వే పని మీద అదే ఊరికి వెళ్లినప్పుడు, అంగన్‌వాడీ అరుగు మీద చేపలు తోముతున్న ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "అప్పుడు నెత్తురు తీసుకెళ్లినారు కదా, ఏటి తేలిందమ్మా?" అని అడిగింది. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఏమీ తేలలేదన్నది కూడా ఒక ఫలితమేనని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉండవలసిన గైడ్ గారు మాత్రం దానిని బీరువాలో పెట్టారు.

మీకు తెలిసిన విషయాన్నే మీకు చెబుతున్నందుకు మన్నించాలి. ఈ లేఖ మా ఊళ్ల వాళ్లూ చదవాలని నా ఆశ కాబట్టి, మెటా అనాలిసిస్ అంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో జరిగిన అధ్యయనాలను ముందే రాసిపెట్టుకున్న నియమాల ప్రకారం వెతికి పట్టుకుని, వాటి ఫలితాలను ఏ అధ్యయనం ఎంత నమ్మదగినదో అంత తూకంతో కలిపి, ఒక ఉమ్మడి అంచనా కట్టడమే మెటా అనాలిసిస్. ఈ మాటను పుట్టించినది అమెరికా విద్యా పరిశోధకుడు జీన్ గ్లాస్, 1976లో. పని మాత్రం అంతకంటే పాతది. టైఫాయిడ్ టీకా పనిచేస్తుందో లేదో చూడడానికి కార్ల్ పియర్సన్ 1904లో దక్షిణాఫ్రికాలోను మన దేశంలోను ఉన్న బ్రిటిష్ సైనికుల లెక్కలను ఒకచోట చేర్చి చూశారు. ఒక గుంపు ఫలితానికీ మరో గుంపు ఫలితానికీ పొంతన కుదరడం లేదని కూడా ఆయన ఆనాడే గుర్తించారు.

తూకం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే నా అభ్యర్థన మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఊహకు రెండు అధ్యయనాలను తీసుకుందాం. ఒకదానిలో మందు వల్ల హిమోగ్లోబిన్ 1.2 గ్రాములు పెరిగిందని వచ్చింది, కానీ మనుషులు కొద్దిమందే కావడంతో దాని స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, 0.6. రెండోదానిలో పెరుగుదల 0.2 మాత్రమే, కానీ అది పెద్ద అధ్యయనం, స్టాండర్డ్ ఎర్రర్ 0.2. మామూలు సగటు తీస్తే 0.7 వస్తుంది. మెటా అనాలిసిస్‌లో ప్రతి ఫలితానికీ దాని స్టాండర్డ్ ఎర్రర్ వర్గంతో 1ని భాగిస్తే వచ్చే తూకం ఇస్తారు. మొదటిదానికి సుమారు 2.8, రెండోదానికి 25. కలిపి లెక్కకడితే ఉమ్మడి అంచనా 0.3 దగ్గర తేలుతుంది. చిన్నది ఎంత గట్టిగా అరిచినా పెద్దది చెప్పినదే ఎక్కువగా వినబడుతుంది, అయినా చిన్నదాని గొంతు పూర్తిగా పోదు. అయితే స్టాండర్డ్ ఎర్రర్ తెలియని అధ్యయనానికి తూకమే ఉండదు. "సగటు 9.8, తేడా గణనీయం" అని రాసి ఊరుకున్న థీసిస్‌ను కలపాలనుకున్నా కలపలేరు. మా జిల్లాల గురించి నా కంటబడిన నివేదికల్లో ఇటువంటివే ఎక్కువ.

ఇక మీ బీరువాల సంగతి. ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి చెంచాతో తాగించే విటమిన్ ఎ ద్రావణం మా పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఆశా దీదీ సీసా తెచ్చిన రోజున పిల్లలు నోరు మూసుకుని పారిపోవడం కూడా తెలిసినదే. ఆ చెంచా వెనుక పెద్ద కథ ఉంది. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో జరిగిన అధ్యయనం, ఈ విటమిన్ ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మరణాలు 34 శాతం తక్కువగా ఉన్నాయని 1986లో ప్రకటించింది. 1990లో మన దక్షిణాదినుంచే రెండు అధ్యయనాల ఫలితాలు వచ్చాయి. తమిళనాడులో వారం వారం చిన్న మోతాదు ఇచ్చి చూసినవారు మరణాలు 54 శాతం తగ్గాయన్నారు. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు ఇచ్చి చూసిన జాతీయ పోషకాహార సంస్థవారు మరణాల్లో తేడా ఏమీ లేదన్నారు. రెండింటిలోనూ సుమారు 15 వేలమంది చొప్పున పిల్లలు. రెండూ పేరున్న పత్రికల్లోనే వచ్చాయి.

ఈ రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే చదివినవాడు ఏమని నమ్ముతాడో ఆలోచించండి. 1993లో బీటన్, ఆయన సహచరులు హైదరాబాదు, తమిళనాడు, ఆచేలతో సహా ఎనిమిది అధ్యయనాలను కలిపి చూస్తే, మరణాలు 23 శాతం తగ్గుతాయన్న ఉమ్మడి అంచనా వచ్చింది. ఆ అంచనాలో హైదరాబాదు ఫలితం కూడా ఉన్నదన్న సంగతిని నేను ఎప్పుడూ తలుచుకుంటాను. తేడా లేదని తేలిన అధ్యయనాన్ని వారు దాచుకోలేదు. దాచుకుని ఉంటే 23 మరింత పెద్ద అంకెగా, మరింత అబద్ధపు అంకెగా మారి ఉండేది.

కథ అక్కడితో అయిపోలేదు. ఉత్తరప్రదేశ్‌లో 72 బ్లాకుల్లో సుమారు పది లక్షలమంది పిల్లలతో జరిగిన దేవ్‌తా అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అందులో కనబడిన తగ్గుదల 4 శాతమే, అది కూడా యాదృచ్ఛికంగా వచ్చిందేమోనని అనుమానించవలసినంత చిన్నది. దానిని పాత అధ్యయనాలతో కలిపితే ఉమ్మడి అంచనా 11 శాతానికి దిగింది. అంత పెద్ద పనిలో మందు నిజంగా పిల్లల నోళ్లలో పడిందా అని సందేహించినవారు ఉన్నారు, పాత అధ్యయనాల కాలంలో ఉన్నంత తట్టు, అతిసారం తరువాత లేకపోవడమే కారణమన్నవారూ ఉన్నారు. ఈ తగవును తీర్చే అర్హత నాకు లేదు. నాకు కనిపించేది ఒక్కటే. ఆ అధ్యయనంలో పిల్లలకు మందు పట్టడం మొదలైనది 1999లో, క్షేత్రంలో పని ముగిసినది 2004 ప్రాంతంలో. పది లక్షలమంది పిల్లలు చెప్పిన మాట తొమ్మిదేళ్లదాకా ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆ తొమ్మిదేళ్లూ ప్రపంచం 23నే నమ్ముకుని ఉంది.

బయటపడని ఫలితాలు ఎంత నమ్మకంగా అబద్ధం చెప్పగలవో 2008లో మానసిక కుంగుబాటు మందుల విషయంలో తేటతెల్లమైంది. ఆ మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన అధ్యయనాలు 74. వాటిలో సానుకూలంగా తేలినవి 38, వాటిలో ఒక్కటి తప్ప అన్నీ అచ్చయ్యాయి. మిగిలిన 36 ప్రతికూలమైనవి లేదా అనుమానాస్పదమైనవి. వాటిలో 22 అసలు అచ్చు కాలేదు, 11 సానుకూలంగా కనిపించేటట్టు మలిచి అచ్చయ్యాయి, ఉన్నది ఉన్నట్టు వచ్చినవి మూడే. పత్రికలు మాత్రమే చదివే వైద్యుడికి దాదాపు అన్ని అధ్యయనాలూ మందు పనిచేస్తుందన్నట్టే కనబడతాయి, నిజానికి అలా తేలినవి సగమే. ఇది వ్యాపారం ఉన్నచోట జరిగింది కదా, మాది నిరుపేద ప్రభుత్వ పరిశోధన అని మీరనవచ్చు. కారణం ఏదైనా సొరుగు సొరుగే. 1979లో రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి పెట్టిన "ఫైల్ డ్రాయర్ సమస్య" అన్న పేరులోనే సొరుగు ఉంది.

అచ్చు వేయించడం ఒక్కటే చాలదు. మీరు కార్యాలయంలో చూడలేనివి, మేము మాత్రమే చూసేవి కొన్ని ఉన్నాయి, వాటిని మీ ముందు పెట్టడం నా బాధ్యత. ఈ పంతొమ్మిదేళ్లలో హిమోగ్లోబిన్‌ను మూడు విధాలుగా కొలిచాను. మొదటి సర్వేల్లో సాలీ పద్ధతి. గొట్టంలో ఆమ్లం పోసి, వేలి రక్తం 20 మైక్రోలీటర్లు కలిపి, అది గోధుమ రంగుకు తిరిగాక చుక్క చుక్కగా నీళ్లు పోస్తూ పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా చూడాలి. ఆ సరిపోవడమన్నది కంటి తీర్పు. ఉదయం వెలుతురులో నేను 10 అన్నదానిని సాయంత్రం చీకటి గదిలో నా సహోద్యోగి 9 అనేది. తరువాత చేతిలో పట్టే చిన్న మీటర్ వచ్చింది. వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి అంకె మారిపోతుంది, అందుకే మొదటి చుక్కను తుడిచెయ్యాలని శిక్షణలో చెబుతారు, ఏడుస్తున్న పిల్లవాడి విషయంలో ఎంతమంది తుడుస్తారో నేను చెప్పను. ఆ తరువాత నరం నుంచి రక్తం తీసి, మంచు పెట్టెలో ల్యాబుకు పంపి, యంత్రం మీద చూసే సర్వే వచ్చింది.

పద్ధతి మారితే అంకె ఎంత మారుతుందో దేశం మొత్తం మీద ఒకసారి కనబడింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి చుక్కతో చూసినప్పుడు 6 నుంచి 59 నెలల పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు వచ్చింది. 2016-18 సమగ్ర జాతీయ పోషణ సర్వేలో నరం రక్తాన్ని యంత్రం మీద చూసినప్పుడు 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో అది సుమారు 41 శాతం. వయసు హద్దుల్లో కొంత తేడా ఉంది, నిజమే, అయినా ఇంత అంతరానికి ఆ ఒక్క కారణమే సరిపోదు. మీ థీసిస్‌లో "హిమోగ్లోబిన్ పరీక్షించబడింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, రేపు దానిని కలపబోయే మనిషి కుంచంతో కొలిచిన వడ్లను, అడ్డతో కొలిచిన వడ్లను ఒకే రాశిలో పోసినట్టే అవుతుంది.

మాటల విషయం ఇంకా చిక్కైనది. ఒడియాలో అచ్చైన ప్రశ్నావళిని మేము అప్పటికప్పుడు తెలుగులోకి, కొండ వైపు వెళ్తే తోడు వచ్చిన మనిషి సహాయంతో అక్కడి గిరిజనుల భాష అయిన సవరలోకి తిప్పి అడుగుతాము. "ఐరన్ మాత్రలు తీసుకున్నారా?" అన్న ప్రశ్నకు ఒక గర్భిణి "తీసుకున్నాను" అంది. కాగితం మీద టిక్కు పెట్టబోతుండగా గోడ గూట్లో మాత్రల అట్ట కనబడింది, ఒక్కటీ చిరగలేదు. ఆమె అబద్ధం ఆడలేదు, ఆశా దీదీ ఇచ్చినవి తీసుకుంది. నేను అప్పుడు "మింగారా?" అని అడిగితే, "వాంతులవుతాయని మింగలేదు" అంది. అప్పటికి ఆ గ్రామంలో ఇరవై ముగ్గురిని అడిగేశాను. వాళ్లందరినీ మళ్లీ వెళ్లి అడిగాను, ఏడుగురి జవాబు మారింది. సర్వే పర్యవేక్షకుడికి చెబితే అచ్చైన ప్రశ్నను మార్చడానికి వీల్లేదన్నాడు. ఈ సంగతి ఏ నివేదికలోనూ లేదు, అయినా రెండు అధ్యయనాల ఫలితాలు ఎందుకు పొసగడం లేదో అని తలపట్టుకునే విశ్లేషకుడికి అన్నిటికంటే పనికివచ్చేది ఈ ఒక్క మాటే. గిడుగు రామమూర్తిగారు ఇదే పర్లాకిమిడిలో ఉంటూ, సవరలతో మాట్లాడి మాట్లాడి వారి భాషను పట్టుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ భాషలో సరిగ్గా పరీక్షించిన ఒక్క ఆరోగ్య ప్రశ్నావళి నా చేతికి రాలేదు.

కలపడమే సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఇస్తే మరణాలు బాగా తగ్గుతాయని 1990ల మొదట్లో చిన్న అధ్యయనాలను కలిపి తేల్చారు. 1995లో ఫలితాలు వెలువడిన, 58 వేలమందితో జరిగిన ఐసిస్-4 అనే పెద్ద అధ్యయనం ఆ మేలు కనబడలేదని చెప్పింది. తాలును ఎంత కలిపినా గింజ కాదు, ముందు తూర్పారబట్టాలి. ఒకచోట నిజమైనది మరోచోట నిజం కాకపోవచ్చు కూడా. నెలలు నిండకుండా కాన్పు వచ్చే సూచనలున్న తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందన్నది మెటా అనాలిసిస్ సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి, ఇటువంటి సమీక్షలు చేసే కోక్రేన్ సంస్థ చిహ్నంలో ఉన్న గీతలు ఆ అధ్యయనాలవే. అదే సూదిని మన దేశంతో సహా ఆరు దేశాల్లో పల్లె స్థాయి నుంచి విస్తృతంగా ఇచ్చి చూసిన అధ్యయనంలో, 2015లో, మొత్తం మీద శిశు మరణాలు తగ్గకపోగా వెయ్యికి 3.5 చొప్పున ఎక్కువయ్యాయి. మళ్లీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో, నెలలను జాగ్రత్తగా లెక్కకట్టి ఇచ్చి చూస్తే మరణాలు 23.5 శాతం నుంచి 19.6కు తగ్గాయి. చోటు మారితే ఫలితం మారుతుందన్నందుకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆ చోట్లలో మా చోటు లేకపోవడమే నా ఫిర్యాదు. గుమ్మ కొండల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని మహానగరపు ఆసుపత్రి అంకెలతో నడిపిస్తున్నాము.

లేకపోవడానికి ఒక వింత కారణం కూడా ఉంది. మా ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పర్లాకిమెడి అని, పర్లాఖెముండి అని, పరలాఖెముండి అని రకరకాలుగా అచ్చవుతోంది. ఒక స్పెల్లింగుతో వెతికినవాడికి మరో స్పెల్లింగుతో ఉన్న పరిశోధన తగలదు. సరిహద్దుకు ఇటు చేసినది ఒడిశా ఖాతాలో, అటు చేసినది ఆంధ్ర ఖాతాలో పడుతుంది. రెండు వైపులా అదే మనుషులు, అదే బియ్యం, అదే జీడితోటల కూలి పని. ఒడిశా ఏర్పడినప్పుడు 1936 ఏప్రిల్ 1న గీసిన గీత నెత్తుటిలో ఐరన్‌ను విడదీయలేదు.

కాబట్టి మీ ముందు నేను పెట్టే కోరికలు పెద్దవేమీ కావు. సూది గుచ్చకముందే మీ అధ్యయనాన్ని సీటీఆర్ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చేయించండి. 2007 నుంచి ఆ పట్టిక ఉంది, ఔషధ ప్రయోగాలకు 2009 జూన్ నుంచి అది తప్పనిసరి కూడా, థీసిస్‌లకు మాత్రం నిర్లక్ష్యం జరుగుతోంది. తేడా ఉన్నా లేకపోయినా ఫలితాన్ని ఎక్కడో ఒకచోట అందరికీ అందేటట్టు పెట్టండి. పత్రిక తీసుకోకపోతే కళాశాల వెబ్‌సైటే చాలు. ప్రతి గుంపులో ఎంతమంది మొదలుపెట్టారో, ఎంతమంది చివరిదాకా ఉన్నారో, సగటుతోపాటు స్టాండర్డ్ డీవియేషన్, అంటే మనిషికీ మనిషికీ అంకె ఎంత మారిందో చెప్పే కొలత, ఎంతో రాయండి. ఏ పరికరం, ఏ రక్తం, ఏ భాష, ప్రశ్న అచ్చంగా ఏ మాటలతో అడిగారు అన్నవి అనుబంధంలో ఇవ్వండి. పేర్లూ ఊళ్లూ తీసేసిన అంకెల పట్టికను, అడిగిన పరిశోధకుడికి ఇవ్వగలిగేటట్టు భద్రపరచండి. ఎథిక్స్ కమిటీ సభ్యులకు ప్రత్యేకంగా ఒక మనవి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర సరిగ్గా పడిందా లేదా అని ఎంతో శ్రద్ధగా చూస్తారు. మూడేళ్ల తరువాత ఆ పరిశోధన ఎక్కడ అచ్చైందని కూడా ఒక ఉత్తరం రాసి అడగండి. "ఈ పరిశోధన వల్ల సమాజానికి మేలు" అని ఆ పత్రం మీద రాసి ఉంటుంది, దానిని చదివి వినిపించినది నేను.

నా దగ్గర పదకొండు నోటుపుస్తకాలు ఉన్నాయి. వాటిలో ఎవరి పేర్లూ లేవు. ఏ నెలలో, ఏ పరికరంతో, ఏ వెలుతురులో, ఏ మాటలతో అడిగామో, ఎక్కడ తూకపు యంత్రం మట్టి నేల మీద ఒరిగిందో, ఎవరు తోడు వచ్చి సవరలోకి తిప్పారో రోజువారీగా రాసుకున్నాను. నేను పనిచేసిన అధ్యయనాల్లో అచ్చైనవి నాకు తెలిసినంతలో రెండే. మిగిలినవాటి అంకెలు ఇంకా మీ బీరువాల్లో ఉంటే, ఈ పుస్తకాలు వాటి పక్కన పెట్టుకుని చూడడానికి పనికివస్తాయి. ఏ కళాశాల వారు కబురు చేసినా నా ఖర్చుతో తెచ్చి ఇస్తాను. కాశీనగర్ దగ్గరి ఊరికి వచ్చే నెల మళ్లీ పని మీద వెళ్తున్నాను, ఆవిడ అదే అరుగు మీద ఉంటుంది.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్